వాన నీళ్ల లెక్క: వాటర్‌షెడ్ పనులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటర్‌షెడ్ పనుల మీదే వచ్చాయి. వాటర్‌షెడ్ అంటే పడ్డ వాన నీరంతా ఒకే వాగులోకి చేరే ప్రాంతం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక్క ఉత్తరమే వేస్తున్నాం. వేరుగా చెప్పనిచోట లెక్కలన్నీ ఎర్ర చెలక నేల, కింద గ్రానైటు రాయి, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన ఉన్న ఊరికి వేసినవి. మీ ఊరి అంకెలు వేరైతే వాటితో మళ్లీ వేసుకోండి. ఒక్క మాట గుర్తుంటే చాలు: ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు, అంటే దాదాపు 4 ఘనపు మీటర్లు.

ప్రశ్న: మా ఊరికి వాటర్‌షెడ్ మంజూరైంది. ముందు వాగు మీద చెక్‌డ్యాం (నీరు ఆపే చిన్న అడ్డుగోడ) కట్టాల్సిందేనని ఊరంతా పట్టుబడుతోంది. గుట్ట మీద కందకాలు తర్వాత చూద్దామంటున్నారు. అలా చేస్తే నష్టమా?
– వార్డు సభ్యుడు, పరిగి ప్రాంతం

నష్టమే. గుట్ట మీద ఆపని మట్టంతా చెక్‌డ్యాంలోకే వస్తుంది. రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి అందులో నీళ్లకు బదులు ఇసుక, ఒండ్రు నిలుస్తాయి. గుట్ట నెత్తి నుంచి మొదలుపెట్టి చేలు, ఆ తర్వాత వంక, చివరికి వాగు: పని ఈ వరసలో నడవాలి. చెక్‌డ్యాం కళ్లకు కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది కాబట్టి అందరికీ దాని మీదే మోజు. గ్రామసభలో గట్టిగా నిలబడాల్సింది ఇక్కడే.

గుట్ట వాలు మీద మెట్ల వరస కాకుండా, ఒకదాని సందుకు ఎదురుగా కింది వరసలో ఇంకొకటి వచ్చేలా కందకాలు తీయాలి. 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉన్న కందకంలో 750 లీటర్లు నిలుస్తాయి. ఒక రోజు 50 మి.మీ. వాన పడితే ఎకరం గుట్ట మీద కురిసేది 200 ఘనపు మీటర్లు. బోడి వాలు మీద అందులో 40 శాతం పరుగెత్తుతుందనుకుంటే 80. ఎకరానికి 100 కందకాలుంటే 75 ఘనపు మీటర్లు పడతాయి, అంటే ఆ వాన దాదాపు అక్కడే ఆగుతుంది. కందకానికి కందకానికి 3 మీటర్ల సందు, వరసకు వరసకు 6–7 మీటర్ల దూరం ఉంచితే ఎకరానికి 100 సరిపోతాయి. వాలు 25 శాతం దాటినచోట తవ్వొద్దు. గడ్డి, చెట్లతో సరిపెట్టండి.

కందకం అడుగు సమమట్టంగా ఉండటమే అసలు కిటుకు. ఒక కొస పల్లమైతే నీళ్లన్నీ అక్కడికే చేరి గట్టు తెంచుకుంటాయి, కందకం కాస్తా కొత్త వంక అవుతుంది. సమమట్టం గీతకు ఏ-ఫ్రేము చాలు. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కట్టి, కాళ్లు చాచి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. వాడే ముందు తప్పు సరిచూడాలి: రెండు మేకుల మీద కాళ్లు పెట్టి అడ్డకర్ర మీద దారం పడ్డచోట గుర్తు పెట్టండి, కాళ్లు తారుమారు చేసి మళ్లీ గుర్తు పెట్టండి. ఆ రెంటికీ నడిమి గీతే సమమట్టం. గాలి వీస్తే దారం ఊగుతుంది కాబట్టి పొద్దున్నే గీతలు వేసుకోవడం మేలు. నీళ్ల పైపుతో మట్టం చూసేవాళ్లు పైపులో బుడగ లేకుండా చూసుకోవాలి. ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పుతుంది.

తీసిన మట్టి కందకానికి పల్లం వైపే పోయాలి. అంచు నుంచి 30 సెంటీమీటర్లు వదిలి పోయకపోతే మొదటి వానకే అది తిరిగి లోపలికి జారుతుంది. ఆ మట్టి కట్ట మీద సీతాఫలం, కానుగ గింజలు, స్టైలో గడ్డి విత్తనం తొలకరికి ముందే చల్లండి.

వంకల్లో రాళ్ల కట్టలు వేసేటప్పుడు ఎత్తు మీటరు దాటించొద్దు. రెండు ఒడ్డుల్లోకీ అర మీటరు చొప్పున దిగేయాలి, నడుమ భాగం కొసల కంటే 20–25 సెంటీమీటర్లు తక్కువుండాలి. పై వాలు 1:1, కింది వాలు 1:3, అంటే మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడుగు. చిన్న రాళ్లు లోపల, పెద్దవి బయట, ముఖ్యంగా కింది వైపున. మట్టితో సందులు పూడ్చొద్దు, అది కొట్టుకుపోతుంది. కట్టకు కట్టకు దూరం ఎత్తును వాలుతో భాగిస్తే వస్తుంది: 75 సెంటీమీటర్ల కట్ట, 5 శాతం వాలు అయితే 15 మీటర్లు. అప్పుడు కింది కట్ట నెత్తి, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉంటాయి.

ప్రశ్న: రెండేళ్ల కిందట కట్టిన చెక్‌డ్యాం గోడ చెక్కుచెదరలేదు, కానీ వాగు పక్కనుంచి దారి చేసుకుని పక్క చేను కోసేసింది. ఎందుకు? బాగుచేయొచ్చా?
– రైతు, దేవరకొండ

ఇలాంటివాటిలో కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వరద పొర్లడానికి వదిలిన పొడవు చాలకపోవడం, లేదా రెండు పక్కలా ఒడ్డును పట్టుకునే రెక్క గోడలు ఒడ్డులోకి తగినంత దిగకపోవడం. ఖర్చు తగ్గుతుందని పొర్లు భాగాన్ని కుదిస్తారు, నీరు మాత్రం తన వెడల్పు తాను అడుగుతుంది.

లెక్క ఇలా వేయాలి. పై నుంచి 50 హెక్టార్ల నీరు ఆ చోటికి వస్తుందనుకోండి. గంటకు 60 మి.మీ. జోరున వాన, అందులో 30 శాతం పారితే సెకనుకు 2.5 ఘనపు మీటర్ల వరద (0.3 × 60 × 50 ÷ 360). పొర్లు గోడ మీద అర మీటరు ఎత్తున పారితే మీటరు పొడవుకు 0.6 ఘనపు మీటర్లు వెళ్తాయి. అంటే పొర్లు పొడవు 4.2 మీటర్లు ఉండాలి. రెక్క గోడలు ఆ అర మీటరు వరదకు పైన ఇంకో అర మీటరు లేవాలి, ఒడ్డులోకి కనీసం మీటరు, మీటరున్నర దిగాలి. కింద రాతి పరుపు నీరు దూకే ఎత్తుకు రెండింతల పొడవుండాలి. అది లేకపోతే పునాది కింద గుంట పడి ఏదో ఒక వానకు గోడే ఒరుగుతుంది.

మీ గోడ బాగుందంటున్నారు కాబట్టి ముందు ఇంజినీరుతో పొర్లు పొడవు లెక్క చూపించండి. తక్కువైతే నడిమి గోడ ఎత్తు తగ్గించి పొడవు పెంచడం తేలిక, కాస్త నిల్వ పోతుంది, పోనివ్వండి. కోసుకుపోయిన వైపు ఒట్టి మట్టి నింపొద్దు. 10 సెంటీమీటర్ల కళ్ల ఇనుప వల బుట్టలో 15 సెంటీమీటర్లకు తగ్గని గట్టి రాళ్లు పేర్చి, వెనక గట్టు కొట్టి, వట్టివేళ్లు నాటండి. ఏటా వేసవిలో పూడిక తీయాలి. తలుపులున్న చెక్‌డ్యాం అయితే తొలి వరదలకు తెరిచి ఉంచి, సెప్టెంబరు మధ్య నుంచి మూయాలి. మట్టి తొలి వరదల్లోనే ఎక్కువ వస్తుంది.

ప్రశ్న: తాండూరు దగ్గర మాది నల్లరేగడి. సమమట్టంగా వేసిన గట్లు ఏటా తెగుతున్నాయి.
– కంది రైతు

రేగడిలో సమమట్టపు గట్లు పనికిరావు. ఎండకు నేల నెర్రెలిస్తుంది, గట్టూ నెర్రెలిస్తుంది, తొలి వానకు అక్కడే తెగుతుంది. పైగా నిలిచిన నీటికి కంది వేరు కుళ్లు తెగులు అంటుతుంది. నూరు మీటర్లకు 20–40 సెంటీమీటర్ల వాలుతో గట్టు వేసి, నీటిని గడ్డి పెంచిన కాలువలోకి మెల్లగా దించండి. చేలో వెడల్పు బోదెలు, సాళ్ల పద్ధతి మంచిది: సుమారు మీటరు బోదె, అర మీటరు సాలు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రేగళ్లకు రూపొందించిన పద్ధతి ఇది. వాలు చివర సేద్యపు కుంట తవ్వితే ఆ నీరూ దక్కుతుంది. రేగడిలో దానికి ప్లాస్టిక్ షీటు అక్కర్లేదు.

ప్రశ్న: మా ఊళ్లో కందకాలు, ఊట కుంటలు, చెక్‌డ్యాంలు అన్నీ పూర్తయ్యాయి. మొదటి రెండేళ్లు బోర్లు బాగా పోశాయి. మూడో ఏడు నుంచి మళ్లీ పాత కథే. పనుల్లో లోపమా?
– మహిళా సంఘం ప్రతినిధి, కల్వకుర్తి

పనుల్లో లోపం ఉండొచ్చు, కానీ మీరు రాసిన తీరు చూస్తే అది కాదనిపిస్తోంది. నీళ్లు పెరిగాయి, చూసి వరి పెరిగింది, కొత్త బోర్లు దిగాయి. ఇంతే. కట్టడాలు సగం పని, నీటిని ఎంత వాడాలో ఊరు ఒప్పుకోవడం రెండో సగం. ఆ సగానికి ఏ పథకమూ సిమెంటు ఇవ్వదు.

లెక్క చూద్దాం. ఊరు 500 హెక్టార్లు, అంటే 1,235 ఎకరాలు. 700 మి.మీ. వానంటే మొత్తం 35 లక్షల ఘనపు మీటర్లు. శిథిల గ్రానైటు నేలల్లో, బంకమన్ను తక్కువున్నచోట, వానలో భూమిలోకి ఇంకేది 11 శాతమని 1997 నాటి భూగర్భ జలాల అంచనా పద్ధతి ప్రమాణం. బంకమన్ను ఎక్కువైతే 8. పదకొండు తీసుకుంటే 3.85 లక్షల ఘనపు మీటర్లు. మనుషులకు, గొడ్లకు 40 వేలు, వానాకాలపు పంటకు ఒకటి రెండు తడులకు 45 వేలు పక్కన పెడితే యాసంగికి మిగిలేది 3 లక్షలు.

ఇప్పుడు పంటలు. యాసంగి వరికి 1,200 మి.మీ. నీరు పెట్టినా ఎకరానికి 4,850 ఘనపు మీటర్లు. అందులో మూడో వంతు తిరిగి భూమిలోకి దిగుతుందనుకున్నా నికరంగా 3,200 పోతాయి. అంటే 1,235 ఎకరాల మీద కురిసిన వానతో పండేది 90 ఎకరాలకు కాస్త అటూ ఇటూ వరి. ఒక్క ఎకరం యాసంగి వరి వెనుక దాదాపు పది ఎకరాల ఇంకుడు నీరుంది, ఆ పదిలో ఎక్కువ భాగం పక్కవాళ్లది. అదే నీటితో 500 మి.మీ. సరిపోయే వేరుశనగ అయితే, తిరిగి ఇంకేది లెక్కపెట్టకపోయినా, దాదాపు 150 ఎకరాలు పండుతుంది. 300 మి.మీ. లోపు గడిచే శనగ అయితే ఇంకా ఎక్కువ.

మరి కట్టిన కుంటలు, చెక్‌డ్యాంల వల్ల ఎంత పెరిగింది? అన్నీ కలిపి 30 వేల ఘనపు మీటర్లు పట్టి, ఏటా మూడుసార్లు నిండి, సగం ఇంకితే 45 వేలు. వరి లెక్కన 14 ఎకరాలు. ఊళ్లో కొత్తగా ఎన్ని ఎకరాల వరి వచ్చిందో మీరే లెక్కబెట్టండి, జవాబు అక్కడుంది.

ఇంకో సంగతి. గ్రానైటు రాయిలో నీరు పట్టే సందులు చాలా తక్కువ, ఘనపరిమాణంలో రెండు శాతం ప్రాంతం. అందుకే మంచి వానకు బావిలో నీరు నాలుగు మీటర్లు లేచినా 500 హెక్టార్లకు అది 4 లక్షల ఘనపు మీటర్లే. (పైన వానతో వేసిన 3.85 లక్షలకు ఇది దగ్గరగా వచ్చింది చూడండి. మీ ఊరి లెక్క కూడా ఇలా రెండు దారుల్లో వేసి సరిపోల్చుకోండి. రెంటికీ పొత్తు కుదరకపోతే కొలతలో ఎక్కడో తప్పుంది.) మట్టం త్వరగా లేస్తుంది, అంతే త్వరగా పడిపోతుంది. లేచినప్పటి సంబరంతో బోరు వేస్తే అప్పు మిగులుతుంది.

చేయాల్సింది ఇది. ఊరి నలుమూలలా పది పన్నెండు బోర్లు, బావులు ఎంచుకుని నెలకోసారి, ఒకే తేదీన, తెల్లవారి మోటార్లు వేయకముందు నీటిమట్టం కొలవాలి. ఒక వాన కొలిచే పరికరం బడిలోనో పంచాయతీ దగ్గరో పెట్టి రోజూ ఉదయం 8:30కి రాయాలి. చెట్టు కింద, గోడ పక్కన పెట్టొద్దు. బోరు పోసే నీరు తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 60 సెకన్లయితే నిమిషానికి 200 లీటర్లు, ఏడు గంటలు నడిస్తే 84 వేలు. ఇవన్నీ గోడ మీద రాయాలి, రిజిస్టరులో దాస్తే లాభం లేదు. అక్టోబరు మొదటి వారంలో, యాసంగి విత్తనం కొనకముందే, గ్రామసభ పెట్టి మిగిలిన నీరెంత, ఎవరెంత వేస్తారో తేల్చుకోవాలి. నవంబరులో పెడితే నారుమళ్లు పోసేసి ఉంటారు, ఎవరూ వినరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం, ఏపీఫామ్స్, సరిగ్గా ఈ పద్ధతిలోనే నడిచింది. రైతులే కొలిచారు, రైతులే పంట మార్చుకున్నారు, ఎవరి మీదా ఆంక్ష పెట్టలేదు. మహారాష్ట్రలోని హివ్రే బజార్ ఇంకా కఠినం: సేద్యానికి బోర్లు వద్దు, చెరకు, అరటి వద్దు అని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. మీ ఊరికి ఏది కుదురుతుందో మీరే చూసుకోవాలి. కనీసం కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్లు తీయించండి. 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక, ఆటోస్టార్టరున్న మోటారు రాత్రంతా మడి నిండి పొర్లుతున్నా ఆగదు. దీనికి పైసా ఖర్చు లేదు, ఫలితం ఆ నెలలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: కొత్త బోరుకు అనుమతి నిజంగా కావాలా?
– నల్లగొండ

కావాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు. చట్టం కాగితం మీద ఉంది, రిగ్గు మాత్రం రాత్రిపూట వస్తుంది. ఊరు చూసుకుంటేనే ఆగుతుంది. కొత్త బోరు ఖర్చుతో పాత బోర్లు రెండు మూడింటిని పైపులైనుతో కలిపి, వంతుల ప్రకారం పంచుకుంటే ఎక్కువమందికి ఒక తడి భరోసా ఉంటుంది.

ప్రశ్న: ఎగువ ఊళ్లో చెక్‌డ్యాంలు కట్టినప్పటి నుంచి మా చెరువు మత్తడి (అలుగు) దూకలేదు. వాటిని తీయించమని అడగొచ్చా?
– చెరువు ఆయకట్టు రైతులు, చేవెళ్ల

అడిగే ముందు ఎంత ఆగుతోందో చూడండి. పది చెక్‌డ్యాంలు ఒక్కోటి 1,500 ఘనపు మీటర్లు పట్టి ఏడాదికి నాలుగుసార్లు నిండితే 60 వేలు, అంటే రెండు మిలియన్ ఘనపుటడుగులకు కొంచెం పైన. మీ చెరువు ఐదు మిలియన్లదైతే వాన తక్కువైన ఏడు అది పెద్ద దెబ్బే. మంచి వానలు పడ్డ ఏడు అసలు లెక్కలోకి రాదు. మంచి ఏళ్లలో కూడా మత్తడి దూకలేదంటే కారణం వేరే ఉంది: వరద కాలువ పూడిపోయిందా, దున్నేశారా, లేఅవుటు వేశారా, కొత్త రోడ్డుకు తూము పెట్టడం మరిచారా? కాలువ వెంట చెరువు నుంచి పైకి నడవండి, సాధారణంగా అక్కడే దొరుకుతుంది. ఎగువ బోర్ల వల్ల వాగులో వాన తర్వాత పారే సన్నటి ఊట ఆగిపోవడం ఇంకో కారణం.

హైదరాబాద్ పాఠకులకు ఇది దూరపు గొడవ కాదు. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ నిండాలన్నా మూసీ, ఈసీల ఎగువన ఇదే లెక్క.

ఎగువ ఊరితో ఒప్పందం కుదరాలంటే చెక్‌డ్యాంల తలుపులు తొలి వరదలకు తెరిచి ఉంచమని అడగండి. వాళ్ల పూడికా తగ్గుతుంది, మీ చెరువుకూ నీరొస్తుంది.

ప్రశ్న: పది మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు సేద్యపు కుంట తవ్విస్తున్నాను. రెండెకరాల పత్తికి సరిపోతుందా? షీటు వేయాలా?
– నగరంలో ఉద్యోగం, పొలం షాద్‌నగర్ దగ్గర

10 × 10 × 3 అంటే 300 ఘనపు మీటర్లని అందరూ అనుకుంటారు. పక్కలు 1:1 వాలు ఉంటే అడుగు 4 × 4 మాత్రమే మిగులుతుంది, నిల్వ 156. కాలువతో 50 మి.మీ. తడి పెడితే ముప్పావు ఎకరమే తడుస్తుంది. స్ప్రింక్లర్లతో 20 మి.మీ. పెడితే దాదాపు రెండెకరాలకు ఒక తడి వస్తుంది. ఒక్క తడే, కానీ ఆగస్టు, సెప్టెంబరు బెట్టలో పూత, కాయ దశలో పడితే పంటను నిలబెట్టేది అదే. వేసవి దాకా దాచాలనుకోవద్దు. దాచింది ఎండకు పోతుంది, ఏప్రిల్, మేల్లో రోజుకు 8–10 మి.మీ. ఆవిరే.

చెలక నేలలో షీటు లేకపోతే వారం పది రోజుల్లో ఇంకిపోతుంది. పక్కన బోరుంటే దానికి మంచిదే. నీరు నిలవాలంటే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) షీటు, అంచుల్లో మీటరు చొప్పున మట్టిలో పూడ్చేదానితో కలిపి 180 చదరపు మీటర్లు కావాలి. పరిచే ముందు రాళ్లు, వేర్లు ఏరి మెత్తటి మట్టి పూయండి. షీట్లు చిరిగేది ఎక్కువగా మేకల గిట్టలకే, కంచె లేనిదే వేయొద్దు. జారే గోడల కుంటలో పిల్లలు పడితే ఎక్కిరాలేరు, ముడులు వేసిన తాడు ఒకటి రెండు పక్కల వేలాడదీయండి. నీరు లోపలికి వచ్చేచోట 2 × 1 × 1 మీటర్ల మట్టి గుంట తప్పనిసరి.

ప్రశ్న: మా అపార్టుమెంటు ఇంకుడు గుంత నీరు పీల్చడం లేదు.
– కూకట్‌పల్లి

పై ఇసుక పొర మూసుకుపోయి ఉంటుంది. తీసి కడిగి, లేదా మార్చి, మళ్లీ వేయండి. ఏటా మేలో ఈ పని చేయాలి. 300 చదరపు మీటర్ల మిద్దె మీద 800 మి.మీ. వానకు, ఐదో వంతు పోయినా, 1.9 లక్షల లీటర్లు వస్తాయి, వదులుకోవద్దు. తొలి వాన నీటిని బయటికి వదిలేయండి. వాహనాలు నిలిపేచోటి నీరు, నూనె మరకలతో సహా, నేరుగా బోరులోకి ఎప్పుడూ దింపొద్దు.

ప్రశ్న: గుట్ట మీద మేత ఆపేశాం. గొర్రెలకాపర్లు గొడవకు వస్తున్నారు. మరో సంగతి, పనుల వాటాధనం కూలీల డబ్బులోంచే కోస్తున్నారు, ఇది సరైనదేనా?
– వాటర్‌షెడ్ కమిటీ సభ్యురాలు, నారాయణపేట జిల్లా

గొడవ వాళ్ల తప్పు కాదు. గుట్టంతా ఒక్కసారి మూస్తే మందను ఎక్కడికి తోలాలి? మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను రెండు మూడేళ్లు మూయండి. మూసిన భాగంలో గడ్డి కోసుకెళ్లే హక్కు ముందుగా భూమి లేనివాళ్లకు, కాపర్లకు ఇవ్వండి. కమిటీలో వాళ్ల మనిషి ఉండాలి. వాటర్‌షెడ్ పనులకు కేంద్రం ఇచ్చిన 2008 ఉమ్మడి మార్గదర్శకాలు భూమి లేనివాళ్లు, మహిళలు కమిటీలో ఉండాలని చెప్పాయి.

కూలీల నుంచి కోయడం తప్పు. వాటా ఇవ్వాల్సింది లాభం పొందే భూమి యజమాని. ఆ మార్గదర్శకాల ప్రకారం సొంత భూమిలో నీరు, మట్టి సంరక్షణ పనులకు పది శాతం. ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులకు ఐదు. ఆ డబ్బు వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిగా విడి ఖాతాలో ఉండి, పథకం వెళ్లిపోయాక పూడిక తీతకు, మరమ్మతులకు పనికొస్తుంది. కోసిన మొత్తం ఎవరి దగ్గర ఎంతో మస్టరు (కూలీల హాజరు పట్టీ), పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదివించండి, తీర్మానంలో రాయించి నకలు తీసుకోండి.